పెట్టెలు కనిపిస్తే పరవాలేదు, ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఆగండి

ప్రశ్న: నేను ఫోనులో తెలుగులో నోట్సు రాసుకుని, తర్వాత కంప్యూటర్‌లో టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి సరిచేసుకుంటాను. ఈమధ్య ఎడిటర్ మార్చాను. అప్పటి నుంచి కొన్ని ఎమోజీల చోట ఖాళీ పెట్టెలు వస్తున్నాయి. ఎర్ర గుండె నల్లగా, చిన్నగా కనిపిస్తోంది. తల్లీ తండ్రీ కూతురూ కలిసి ఉన్న బొమ్మ ముగ్గురు విడివిడి మనుషులైపోయింది. జెండా పెడితే రెండు ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. వీటన్నిటికంటే దిగులు పెడుతున్నది ఒక పాత ఫైలు. అందులో తెలుగంతా పోయి, నెత్తిన గీతలున్న వింత అక్షరాలు బారులు తీరాయి. డజను ఫాంట్లు దింపుకుని ఎక్కించాను. ఎడిటర్‌ను తీసేసి మళ్లీ పెట్టాను. ఫలితం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పాత ఫైలు ఇప్పుడు తెరిచి ఉందా? ఉంటే సేవ్ చేయకుండా మూసేయండి. మార్పులు భద్రపరచాలా అని ఎడిటర్ అడిగితే వద్దనండి. తర్వాత ఆ ఫైలుకు ఒక నకలు తీసి వేరే ఫోల్డర్‌లో దాచండి. ఈ రెండు పనులూ అయ్యాకే మిగతాది చదవండి.

ఇంత కంగారు పెట్టడానికి కారణం ఉంది. మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, నాలుగైదు. పైకి అన్నీ 'అక్షరాలు సరిగా కనిపించడం లేదు' అనే ఒకే ఫిర్యాదులా ఉన్నాయి కాబట్టి అన్నిటికీ ఫాంటునే దోషిని చేశారు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టయింది. కొన్నింటిలో ఫాంటు తప్పు ఉన్న మాట నిజమే. పాత ఫైలు విషయంలో మాత్రం దానికి ఏ పాపమూ తెలియదు.

టెక్స్ట్ ఫైలులో అక్షరాలు ఉండవు, సంఖ్యలు ఉంటాయి. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించింది. 'త' సంఖ్య 3108. పళ్లు కనిపించేలా నవ్వే ఎమోజీ సంఖ్య 1,28,512. ఫైలు తెరిచినప్పుడు ఎడిటర్ రెండు పనులు చేస్తుంది. మొదట డిస్కు మీది బైట్లను చదివి అవి ఏ సంఖ్యలో తేల్చుకుంటుంది. ఇది ఎన్‌కోడింగ్ వ్యవహారం. తర్వాత ఒక్కో సంఖ్యకూ తగిన బొమ్మను ఫాంటులో వెతికి తెర మీద గీస్తుంది. మొదటి పని చెడితే సంఖ్యలే తప్పుగా వస్తాయి. రెండో పని చెడితే సంఖ్యలు భద్రంగానే ఉంటాయి, వాటి బొమ్మలు మాత్రమే దొరకవు. ఏది చెడిందో తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు, తెర మీద కనిపించే గుర్తే చెబుతుంది.

ఖాళీ పెట్టె కనిపిస్తే సంఖ్య క్షేమం. ఆ సంఖ్యకు బొమ్మ లేదని ఫాంటు చేతులెత్తేసినప్పుడు దాని స్థానంలో గీసే గుర్తు ఇది. ఫాంట్లు తయారుచేసేవాళ్లు దీన్ని టోఫూ (సోయా పనీరు ముక్క) అంటారు. గూగుల్ తన ఫాంట్ల కుటుంబానికి నోటో అని పేరు పెట్టింది కూడా 'ఇక టోఫూ ఉండదు' అనే అర్థంలోనే. కొన్ని ఎడిటర్లు పెట్టె లోపల చిన్న అంకెలు కూడా చూపిస్తాయి. వాటిని చూసి విసుక్కోకండి. అవి ఆ అక్షరం చిరునామా, చివర్లో మనకు పనికొస్తాయి.

నల్లటి డైమండ్ గుర్తులో ప్రశ్నార్థకం కనిపిస్తే బైట్లు చదవడమే కుదరలేదని అర్థం. డిస్కు మీద అసలు బైట్లు ఇంకా అలాగే ఉండవచ్చు. కానీ ఆ స్థితిలో సేవ్ నొక్కితే ఎడిటర్ ఆ డైమండ్‌నే ఫైలులో రాసేస్తుంది. అసలుది చెరిగిపోతుంది. ఇక డైమండ్ కూడా లేకుండా మామూలు ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే చెరపడం ఎప్పుడో అయిపోయింది. తెలుగు తెలియని పాత ఎన్‌కోడింగ్‌లో ఏదో ప్రోగ్రామ్ దాన్ని సేవ్ చేసింది. తనకు రాయడం చేతకాని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి వెళ్లింది. ఏ ఫాంటూ దాన్ని వెనక్కి తేలేదు, పాత నకలు ఉంటే వెతుక్కోవడం ఒక్కటే మార్గం. ఇది నాకు అనుభవమే. ఒకసారి సగం వ్యాసాన్ని ఇలాగే పోగొట్టుకుని జ్ఞాపకం నుంచి మళ్లీ రాశాను. రెండోసారి రాసిందే బాగుందని అన్నవాళ్లు ఉన్నారు. మొదటిది వాళ్లు చదవలేదు కదా.

మీ పాత ఫైలు అదృష్టవశాత్తూ ఈ రకం కాదు. నెత్తిన గీతలున్న అక్షరాలన్నారు. వాటిని కాస్త దగ్గరగా చూడండి. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండోది రెండింటిలో ఒకటి. మూడోది మాత్రమే మారుతుంది. ఈ బైట్లను విండోస్-1252 అనే పాత పశ్చిమ యూరప్ పద్ధతిలో చదివితే మొదటి బైటు నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ' అవుతుంది. రెండోది డిగ్రీ గుర్తో, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో అవుతుంది. కాబట్టి గీత నెత్తిన పెట్టుకున్న 'ఏ', పక్కన డిగ్రీ, ఆ పక్కన ఇంకేదో, మళ్లీ అదే 'ఏ' అనే వరస కనిపిస్తే మీ తెలుగు చెక్కుచెదరలేదు. ఎడిటర్ దాన్ని తప్పు పద్ధతిలో చదువుతోంది, అంతే. మధ్యలో అడ్డగీత ఉన్న 'డి' లాంటి అక్షరం, దాని పక్కన నెత్తిన రెండు చుక్కలున్న 'వై' కనిపిస్తే అక్కడ ఒక ఎమోజీ ఉండేదని గుర్తుపట్టండి. ఎమోజీలు చాలావాటికి నాలుగు బైట్లు పడతాయి. ఆ నాలుగింటిలో మొదటి రెండు బైట్ల వేషం అది.

మందు సులువే, కానీ పక్కపక్కనే రెండు సీసాలు ఉంటాయి, తప్పు సీసా తీయకూడదు. విజువల్ స్టూడియో కోడ్ అయితే కింది పట్టీలో కుడివైపు ఎన్‌కోడింగ్ పేరు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే 'రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్', 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్' అని రెండు దారులు చూపుతుంది. మీకు కావలసింది మొదటిది. దాన్ని ఎంచుకుని యూటీఎఫ్-8 చెప్పండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ ఇదే తంతు. ఎన్‌కోడింగ్ మెనూలో ఉత్తి యూటీఎఫ్-8 అని ఉన్నదాన్ని నొక్కితే అవే బైట్లను కొత్తగా చదువుతుంది. 'కన్వర్ట్' అని మొదలయ్యేదాన్ని నొక్కితే తప్పుగా చదివినదాన్నే నిజమనుకుని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. చాలామంది కన్వర్ట్ నొక్కుతారు. మాట వినడానికి అదే మందులా ఉంటుంది మరి.

ఇదివరకే ఎవరైనా అలా నొక్కి సేవ్ చేసి ఉంటే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. నకలు మీదే ప్రయోగం చేయండి. దాన్ని యూటీఎఫ్-8గా తెరిచి, విండోస్-1252లో సేవ్ చేసి, మళ్లీ యూటీఎఫ్-8గా తెరవండి. ఇందులో మన లిపికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. విండోస్-1252 పట్టికలో 5 స్థానాలు ఖాళీ. కొమ్ము గుర్తు చివరి బైటు, పొల్లు గుర్తు చివరి బైటు సరిగ్గా ఆ ఖాళీ స్థానాల్లోనే పడతాయి. కొన్ని ప్రోగ్రాములు వాటిని యథాతథంగా దాటిస్తాయి, కొన్ని మింగేస్తాయి. ఫైలు తిరిగొచ్చి, కొమ్ములూ వత్తులూ మాత్రమే చెడి ఉంటే ఎడిటర్‌ను తిట్టకండి, కారణం ఇదే. ఇంకో ప్రోగ్రామ్‌తో ప్రయత్నించండి.

మూడేసి గుర్తుల వరస అసలే కనిపించకపోతే ఫైలు యూనికోడ్ రాక ముందటి డీటీపీ ఫాంటులో టైపు చేసినదై ఉండవచ్చు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు అతికించుకునేవి. అప్పుడు మాత్రం అదే ఫాంటు కావాలి, లేదా దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి.

ఇక పెట్టెల సంగతి. డజను ఫాంట్లు ఎక్కించినా ఎందుకు కుదరలేదంటే, ఫాంటు కంప్యూటర్‌లో ఉండటం వేరు, ఎడిటర్ దాన్ని అడగడం వేరు. పైగా అన్నీ ఉన్న ఫాంటు అంటూ లోకంలో లేదు. ఓపెన్‌టైప్ ఫాంటులో 65,535 బొమ్మలకు మించి పట్టవు. 2024లో వచ్చిన యూనికోడ్ 16 నాటికి అక్షరాలు 1,54,998. అందుకే ప్రోగ్రాములు ఒక ఫాంటులో దొరకనిదాన్ని తర్వాతి ఫాంటులో వెతుకుతాయి. కొన్ని ఎడిటర్లు ఈ వెతుకులాటను పూర్తిగా సిస్టమ్‌కు వదిలేస్తాయి. కొన్ని మీరిచ్చిన జాబితాతో సరిపెట్టుకుంటాయి. మీ కొత్త ఎడిటర్‌లో ఆ జాబితాలో ఒకే ఒక్క పేరు ఉండి ఉంటుందని నా అనుమానం.

సెట్టింగుల్లో ఫాంటు పేరు రాసే చోటికి వెళ్లండి. చాలా ఎడిటర్లు అక్కడ కామాలతో ఒకటికంటే ఎక్కువ పేర్లు ఒప్పుకుంటాయి. ముందు మీకు అలవాటైన ఫాంటు, తర్వాత తెలుగు ఫాంటు, చివర ఎమోజీ ఫాంటు రాయండి. విండోస్‌లో తెలుగుకు నిర్మలా యూఐ, ఎమోజీలకు సెగో యూఐ ఎమోజీ ఉంటాయి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఆపిల్ కలర్ ఎమోజీ. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు, నోటో కలర్ ఎమోజీ ఎక్కించుకోవచ్చు. పేరులో ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఎమోజీ ఫాంటును ఆత్రపడి ముందు రాయకండి. వాటిలో 0 నుంచి 9 వరకు అంకెలు కూడా ఉంటాయి, చదరంలో అంకె ఉన్న ఎమోజీలను వాటితోనే కడతారు. ముందు రాస్తే మీ నోట్సులోని తేదీలూ లెక్కలూ అన్నీ ఆ ఫాంటులోకి మారి, ఎడంఎడంగా కూర్చుంటాయి. తర్వాత ఎడిటర్‌ను ఒకసారి మూసి తెరవండి. ఫాంట్ల జాబితాను మొదలయ్యేటప్పుడు మాత్రమే చదువుకునే ఎడిటర్లు ఉన్నాయి.

జాబితా పెట్టే చోటే లేకపోతే వేరే దారి చూడాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ప్రిఫరెన్సుల్లో డైరెక్ట్‌రైట్ అనే చిత్రణ పద్ధతిని వాడమనే ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకుని చూడండి. ఈమ్యాక్స్ వాడేవాళ్లు ఫాంట్‌సెట్‌లో ఎమోజీల శ్రేణికి వేరే ఫాంటు కట్టాలి. విమ్‌ను టెర్మినల్‌లో నడిపేవాళ్లు విమ్ సెట్టింగుల్లో ఎంత వెతికినా దొరకదు. అక్కడ బొమ్మలు గీసేది టెర్మినల్, ఫాంటు మార్చవలసిందీ అందులోనే.

ఇవన్నీ చేసినా కొన్ని పెట్టెలు మిగిలితే వయసు చూడండి. కొత్త ఎమోజీలు దాదాపు ఏటా చేరుతూనే ఉన్నాయి. ఫోను ముందు నేర్చుకుని కంప్యూటర్ వెనకబడటం మామూలే. పైన చెప్పిన నవ్వు ముఖం 2012 నాటిది. అది సరిగా కనిపించి, నిరుడు వచ్చిన ముఖం పెట్టెగా కనిపిస్తే ఎడిటర్‌లో లోపం లేదు, మీ ఎమోజీ ఫాంటు పాతది. సిస్టమ్ అప్‌డేటు చేస్తే చాలు. ఫోనులోంచి ఎమోజీ ఫాంటును ఎత్తుకొచ్చి పెడదామని మాత్రం అనుకోకండి. రంగు బొమ్మలను ఫాంటులో దాచే పద్ధతి ఆపిల్‌ది ఒకటి, గూగుల్‌ది ఒకటి, మైక్రోసాఫ్ట్‌ది ఇంకొకటి. ఒకరి సరుకు ఇంకొకరి సిస్టమ్‌లో తెరుచుకుంటుందన్న హామీ లేదు.

గుండె నల్లబడటం నాకు భలే ఇష్టమైన చిక్కు. ఆ గుండె ఎమోజీలకంటే వయసులో పెద్దది. ఎమోజీలు 2010లో యూనికోడ్ 6తో పెద్ద ఎత్తున వచ్చాయి. అప్పటికే అది పువ్వు గుర్తులు, టిక్కు గుర్తులతో పాటు అచ్చు అలంకారంగా యూనికోడ్‌లో ఉంది. దానికి ఇప్పుడు రెండు రూపాలు, సాదాదీ రంగుదీ. ఏది కావాలో చెప్పడానికి దాని వెనక కంటికి కనిపించని ఒక గుర్తు రాస్తారు. ఆ గుర్తు లేకపోయినా, ఉన్నదాన్ని ఎడిటర్ పట్టించుకోకపోయినా, జాబితాలో ముందున్న ఫాంటు తన దగ్గరున్న నల్ల గుండెను తీసి ఇస్తుంది. పాత గుండెను చెరిపి, సిస్టమ్ ఎమోజీ పలక నుంచి కొత్తగా పెట్టి చూడండి. విండోస్‌లో విండోస్ మీటతో చుక్క, మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ కలిపి నొక్కితే ఆ పలక వస్తుంది. అయినా నల్లగానే ఉంటే వదిలేయండి. ఫోనులో అది ఎర్రగానే కనిపిస్తుంది.

విడిపోయిన కుటుంబం కథా ఇలాంటిదే. ఆ బొమ్మ ఒక అక్షరం కాదు. తండ్రి, తల్లి, కూతురు అనే మూడు ఎమోజీల మధ్య రెండు అతుకులు వేసి కట్టిన దండ. అతుకు పేరు జీరో విడ్త్ జాయినర్, వెడల్పు లేని బంధం. మీ ఎడిటర్‌కు అతుకు అర్థం కాక ముగ్గురినీ విడివిడిగా నిలబెట్టింది. ఫైలులో వాళ్లు కలిసే ఉన్నారు. ఈ అతుకుకు సోదరి ఒకటి మన లిపిలో రోజూ పనిచేస్తూనే ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' దగ్గర పొల్లు నిలబడి, 'వ' దాని కింద వత్తుగా చేరకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు 'జ్ఞా' ఐఫోన్లలో సందేశాల యాప్‌లను కుప్పకూల్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వరసలో ఈ కనిపించని అక్షరం కూడా ఉంది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొన్ని ఎడిటర్లు కనిపించని అక్షరాల చుట్టూ గీత గీసి హెచ్చరిస్తాయి, తీసేయమంటారా అని కూడా అడుగుతాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఆ హెచ్చరిక మేలు చేస్తుంది. దొంగచాటుగా దూరిన అక్షరాలను పట్టిస్తుంది. తెలుగు రాసేవాళ్లు దాని మాట విని అన్నీ తీసేస్తే కుటుంబాలూ విడిపోతాయి, సాఫ్ట్‌వేర్లూ చెడతాయి. ఆ హెచ్చరికను ఆపేసుకోండి. మీరు అడగలేదు కానీ, కుటుంబం బొమ్మ మీద బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే కొన్ని ఎడిటర్లలో కూతురు మాత్రమే మాయమవుతుంది. భయపడకండి, అది కూడా ఈ అతుకుల లెక్కే.

జెండా విషయంలో మీరు చేయగలిగింది తక్కువ. యూనికోడ్‌లో దేశాల జెండాలకు వేరే సంఖ్యలు లేవు. 26 ప్రత్యేక ఇంగ్లీషు అక్షరాలున్నాయి. దేశం రెండక్షరాల కోడ్‌ను వాటితో రాస్తే ఫాంటు జెండా చూపించాలి. విండోస్‌తో వచ్చే ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు లేవు, కాబట్టి అక్షరాలే కనిపిస్తాయి. ఎడిటర్ ఒప్పుకుంటే నోటో కలర్ ఎమోజీని జాబితాలో చేర్చి చూడండి. లేకపోతే ఆ రెండక్షరాలనే జెండా అనుకోండి.

నోట్సును ఎప్పుడైనా వెబ్‌సైటులోకి ఎక్కించేట్టయితే ఇంకొకటి కూడా తెలుసుకోండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో చాలాకాలంగా యూటీఎఫ్8 అని పిలిచిన పద్ధతి అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగుకు మూడు చాలు కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మొదటి ఎమోజీ రాగానే వాక్యం అక్కడే తెగిపోవచ్చు, లేదా సేవ్ కాకుండా మొరాయించవచ్చు. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టమని సైటు చూసేవాళ్లకు చెప్పండి. అది ఎడిటర్‌లో దొరికే లోపం కాదు.

అన్నీ అయ్యాక కూడా ఒకటో రెండో పెట్టెలు మొండికేస్తే వాటి చిరునామా కనుక్కోండి. పెట్టెలోనే అంకెలుంటే సరేసరి. లేకపోతే ఆ గుర్తును లిబ్రే ఆఫీస్‌లోనో వర్డ్‌లోనో అతికించి, దాని వెంటనే కర్సర్ ఉంచి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే హెక్సాడెసిమల్ సంఖ్య (అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు వాడే లెక్క) బయటపడుతుంది. విమ్‌లో అయితే ఆ గుర్తు మీద కర్సర్ పెట్టి జి, ఎ నొక్కండి. ఆ సంఖ్యను యూనికోడ్ పట్టికలో చూస్తే ఏ లిపిదో, ఏ సంవత్సరపుదో తెలుస్తుంది, ఏ ఫాంటు కావాలో తేలుతుంది. అది ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ వరకు ఉన్న శ్రేణిలో పడితే ఫాంట్ల వేట ఆపేయండి. ఆ 6,400 స్థానాలనూ యూనికోడ్ ఎవరి సొంతానికి వాళ్లు వాడుకోమని వదిలేసింది. ఆపిల్ చిహ్నం ఉండేది అక్కడే, రకరకాల ఐకాన్ ఫాంట్లు గుర్తులు పెట్టుకునేదీ అక్కడే. అలాంటి గుర్తు పుట్టిన ఫాంటులో తప్ప ఇంకెక్కడా ఒకేలా కనిపించదు. దాన్ని చెరిపి, అది చెప్పదలచుకున్నదేదో మాటలో రాసుకోండి.